మా గుర్రాల టీచరుగారు

మా డ్రాయింగు టీచరుగారు పోయారని పోయిన వారం వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఏలూరు బస్టాండులో ఉన్నాను. తాడేపల్లిగూడెం బస్సెక్కి వాళ్ళిల్లు చేరేసరికి మగవాళ్ళు జనాజాతో కబరస్తానుకి వెళ్ళిపోయారు. వాకిట్లో మిగిలిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆవిడ దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళే. ఏడుస్తూనే ఒకరినొకరు "మీరు ఏ బ్యాచండీ?" అని అడుగుతున్నారు.

ఆవిడ తండ్రి ఏలూరులో జట్కా తోలేవారు. ఆవిడ గుర్రం పక్కనే పెరిగిన మనిషి. సిలబస్‌లో ఉన్న కుండనీ మామిడికాయనీ గబగబా ముగించేసి, బోర్డు మీద గుర్రాన్ని వేసేవారు. నేను ఉంగుటూరు నుంచి వచ్చి చదువుకునే పిల్లని. గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసింది లేదు.

"అమ్మాయ్, నీ గుర్రం గడ్డి తింటుందా, ఎముకలు కొరుకుతుందా? కుక్క కాళ్ళు పెట్టావు!"

క్లాసంతా నవ్వేది. ఆవిడ మాత్రం నా పక్కన బెంచీ మీద కూర్చుని, చెవుల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టించేవారు. "ఒక చెవి వెనక్కి తిప్పిందంటే, పైన కూర్చున్న మనిషి మాట వింటోందన్నమాట. గుర్రాన్నీ మనిషినీ విడివిడిగా వెయ్యకమ్మా. ఇద్దరిదీ ఒకటే ప్రయాణం."

టీచరుగారు రిటైరయ్యాక, కలిదిండి దగ్గర చేపల చెరువుల ఆసామి ఒకాయన కొత్తగా కట్టిన కల్యాణమండపంలో గోడలకి బొమ్మలు వేయమని ఆవిడని పిలిచారు. సాయానికి ఆవిడ నన్ను తీసుకెళ్ళారు.

"ముందుకాళ్ళెత్తిన గుర్రం, దాని మీద కత్తి పట్టుకుని రాజు ఉండాలండీ. ముఖం మాత్రం మా నాన్నగారిది పెట్టండి," అన్నారు ఆసామి.

"మీ నాన్నగారు గుర్రం ఎక్కేవారాండీ?"

"లేదండీ. కొల్లేట్లో పడవ మీద తిరిగేవారు."

"అయితే ఆయన్ని పడవ మీదే దర్జాగా వేస్తానండీ. గుర్రం మీద మాత్రం గుర్రమెక్కినవాళ్ళనే వేస్తాను."

అలాగే చిన్న గోడ మీద పడవలో ఆయన తండ్రిని వేశారు. పెద్ద గోడ మీద వేసింది వరద. గుర్రానికి ఛాతీ దాకా నీళ్ళు. దాని మీద నెలలు నిండిన ఒకామె జూలు గట్టిగా పట్టుకుని నిటారుగా కూర్చుంది. ముందు కళ్ళెం పట్టుకుని ఒక బక్కమనిషి నడుస్తున్నాడు. ఆయన టీచరుగారి నాన్నగారే. ఆవిడ చిన్నప్పుడు దారులు మునిగిపోతే, ఆయన జట్కా విప్పేసి, నొప్పులు పడుతున్న ఒకామెని గుర్రమెక్కించి ఆసుపత్రికి చేర్చారట.

ఆసామి చూసి ముఖం ముడుచుకున్నారు. "పెళ్ళిళ్ళ హాలండీ ఇది! గోడ మీద నిండు చూలాలేంటండీ? సున్నం కొట్టించేస్తాను."

"గోడ మీది, కొట్టించుకోండి," అన్నారు టీచరుగారు బ్రష్ కడుక్కుంటూనే. "నేను మాత్రం మార్చనండీ. పెళ్ళయ్యాక ఇళ్ళల్లో జరిగేది ఇదేగా!"

అప్పుడు ఆసామితో పాటు బొమ్మ చూడ్డానికి వచ్చిన ఆయన తల్లిగారు కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. కళ్ళెం పట్టుకున్న మనిషి ముఖం చాలాసేపు చూశారు.

"ఉంచరా," అన్నారు కొడుకుతో. "నువ్వు పుట్టేముందు నన్ను పడవలో తీసుకెళ్తున్నప్పుడు మీ నాన్న ముఖం అచ్చం ఇలాగే ఉంది."

బొమ్మ ఉండిపోయింది. ఇప్పుడక్కడ పెళ్ళయిన జంటలు దాని ముందే నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. రాజుల్ని గుర్రాలెక్కించినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పేదింటి ఆడమనిషిని, అదీ వరద నీళ్ళల్లో, అంత ఠీవిగా కూర్చోబెట్టింది మా టీచరుగారు. ఆ నీళ్ళకి రంగు పూసింది నేనేనని ఎవరు కలిసినా చెప్పుకుంటాను.

పోయినేడు పక్షవాతంతో ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ ఎడమచేత్తో బొగ్గుముక్క పట్టుకుని గీస్తున్నారు. గీత వంకర్లు పోతోంది.

"పెద్ద గుర్రాలు ఇంక నా చేతికి లొంగవమ్మా. అందుకే పిల్లల్ని వేస్తున్నా. అప్పుడే పుట్టిన గుర్రప్పిల్ల కాళ్ళు ఇలాగే వణుకుతాయి. ఈ చెయ్యి దానికి సరిగ్గా సరిపోయింది," అని నవ్వారు.

ఆవిడ పోయిన రోజు వాకిట్లో జనం పలచబడ్డాక, వాళ్ళమ్మాయి నన్ను లోపలికి పిలిచి చివరి బొమ్మ చూపించింది. ఒళ్ళింకా తడారని ఒక గుర్రప్పిల్ల నేల మీంచి లేస్తోంది. వీపు మీద ఎవరూ లేరు. మూడు కాళ్ళు ఎలాగో నేలకి ఆనించింది. నాలుగోది ఇంకా గాలిలోనే ఉంది.