కదలని తూనీగ

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మా మేనమామకు తూనీగల పిచ్చి పట్టింది. ఆయన ఆళ్లగడ్డ బడిలో పంతులు. శనివారం సాయంత్రం బస్సుకు నంద్యాలలోని మా ఇంటికి వచ్చి, ఆదివారం పొద్దున్నే డబ్బా కెమెరా మెడలో వేసుకుని కుందూ ఏటి ఒడ్డుకు బయలుదేరేవాడు. “పురుగులకు ఫోటోలేందప్పా? పుర్రెకో బుద్ధి!” అని మా నాయన నవ్వేవాడు. మామకు ఒకటే కోరిక. రెక్కల్లోని గీతలతో సహా కనిపించే తూనీగ ఫోటో ఒక్కటి తన తరగతి గోడకు తగిలించాలి.

ఆయన వెంట వెళ్లేది నేనొక్కదాన్నే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎర్ర తూనీగ ఎంత దూరం ఎగిరిపోయినా మళ్లీ అదే పుల్ల మీద వచ్చి వాలుతుందని ఆయనే చూపించాడు. అందుకని నీళ్ల అంచున ఒక కందిపుల్ల గుచ్చి, దాని ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. “ఎండ తగిలేదాకా ఇది యాడికీ పోదు పాపా, రెక్కలు తడిసింటాయి” అనేవాడు. చిక్కల్లా అక్కడే వచ్చేది. అది కదలకుండా కూర్చున్నంతసేపూ కెమెరాకు వెలుతురు చాలదు. వెలుతురు వచ్చాక, మామ భూతద్దం అడ్డం పెట్టి జానెడు దూరానికి వంగేసరికి అది తుర్రుమనేది. రీలుకు ఎనిమిది ఫోటోలు. ఏడు అలాగే పోయాయి.

ఏడోది పోయిన రోజు ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. మరుసటి ఆదివారం పుస్తకాలకు అట్టలు అతికించుకునే తుమ్మబంకను ఆకులో చుట్టి తీసుకెళ్లాను. ఆయన వేపపుల్ల నములుతూ ముఖం కడుక్కోవడానికి ఎగువకు వెళ్లాడు. మంచుకు తడిసిన తూనీగను పట్టుకోవడం ఎంత తేలిక! దాని కాళ్లను పుల్లకు అతికించేశాను.

ఎండ వచ్చేసరికి అది గింజుకుని గింజుకుని అలిసిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. వంగాడు, మీట నొక్కాడు. “పడినాది పాపా, పడినాది!” అని నన్ను అమాంతం ఎత్తి తిప్పాడు. ఆ తర్వాత ముద్దుగా దాని దగ్గరికి వేలు చాపాడు. రెక్కలు కొట్టుకున్నాయి గానీ కాళ్లు లేవలేదు.

“ఎవురు చేసినారు ఇది?”

“నాకు తెల్దు మామా” అన్నాను. బంక ఇంకా నా వేళ్లకే ఉంది. ఆయన చూశాడో లేదో గానీ మళ్లీ అడగలేదు. దోసిట్లో నీళ్లు తెచ్చి చుక్కచుక్కగా పోస్తూ దాన్ని విడదీశాడు. రెండు కాళ్లు పుల్లకే ఉండిపోయాయి. మధ్యాహ్నం దాకా తన నీడన పెట్టుకుని కూర్చున్నాడు. అది ఎగరలేదు. గడ్డిలో వదిలిపెట్టి వచ్చాం. దారి పొడవునా నేను తేలు కుట్టిన దొంగలా వేళ్ల బంక గీరుకుంటూ నడిచాను.

ఫోటో అద్భుతంగా వచ్చింది. మా నాయన కూడా మెచ్చుకుని, “ఇంగ గోడకు తగిలిచ్చు” అన్నాడు. మామ దాన్ని నా చేతిలో పెట్టాడు.

“ఇది నేను తీసింది కాదు పాపా. నీ దగ్గరే పెట్టుకో.”

ఆ గొంతులో కోపం లేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే ఆ రోజుతో తీరిపోయేది. తర్వాత ఎన్ని ఆదివారాలు పిలిచాడో! కడుపునొప్పి అనీ, లెక్కలు చేసుకోవాలనీ తప్పించుకున్నాను. చివరికి ఆయన ఒక్కడే వెళ్లడం మొదలుపెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. “నేనే మామా” అన్న ఆ రెండు మాటలు ఆయనకు చెప్పనే లేదు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలెవరైనా తలొంచుకుని వచ్చి తప్పు ఒప్పుకుంటే, నాకు కోపం రాదు. వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది.