దూది సందులో రెండో బేరం

ఆదోనిలో పరుపులు కుట్టే హుసేనప్ప ఇక లేడన్న దుర్వార్తను నాకు చేరవేసినవాడు, పరుపు కుట్టించుకుందామని పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మా కాలేజీ అటెండరు. అంగడి మూసినారనీ, ఆయన పోయినాడంటనీ చెప్పాడు. నేను దిగ్భ్రాంతుణ్ణయ్యాను గానీ వెంటనే నమ్మలేదు. హుసేనప్ప అంగడి పట్టపగలు మూసి ఉండటం కొత్త కాదు. దానికి కారణం మాత్రం ఏనాడూ మరణం కాలేదు.

జిన్నింగు మిల్లుల వెనక దూది సందు ఉండేది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవవలసినంత విశాలమైన రాజవీథి. హుసేనప్ప అంగడి మీది గదిలో అద్దెకుంటూ నేను వాణిజ్యశాస్త్రం బోధించేవాణ్ణి. దూదేకే వింటి నాదమే నా సుప్రభాతం. దూదిపింజలు నా ఉప్మాలో అదనపు ద్రవ్యం.

ఆ సందుకొక ధర్మం ఉండేది. తన బోణీ అయ్యాక రెండో బేరం వస్తే, పక్కంగడికి ఇంకా బోణీ కాకుంటే, అక్కడికి పంపాలి. పక్కంగడి మౌలాలిది. అదే వృత్తి, అదే గోడ. ఇద్దరూ మాటామాటా అనుకోని పూట లేదు. "మౌలాలి పరుపు మింద పండుకుంటే బండ మింద పండుకున్నెట్లే," అని హుసేనప్ప వచ్చినవాళ్ళకు చెప్పి, అదే ఊపిరిలో, "పోప్పా, ఆడ్నే కుట్టించుకో. వానికింగా బోణీ కాలే," అనేవాడు.

తరువాత రోడ్డు వెడల్పు చేస్తూ సందును కొట్టేశారు. పట్టణాభివృద్ధికి పరుపుల అవసరం లేదు; అది నిద్రపోదు. హుసేనప్పకు కొత్త మార్కెట్టులో గది దొరికింది. మౌలాలి ఎమ్మిగనూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. నడుమ ఊరంతా ఉంది.

ధర్మం పరిసమాప్తమైందని మేమంతా భావించాం. హుసేనప్ప మాత్రం రెండో బేరాన్ని మౌలాలి దగ్గరికి పంపుతూనే ఉన్నాడు. అట్లా పంపినవాళ్ళు దారిలో స్పాంజి పరుపుల దుకాణంలో దూరుతున్నారని తెలిశాక, అంగడికి తాళం వేసి తానే వెంట నడవసాగాడు. వెళ్ళి, మౌలాలితో తనివితీరా పోట్లాడి, పొద్దు వాలాక వచ్చేవాడు.

మౌలాలికి బోణీ అయిందో లేదో ఇక్కడినుంచి ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"తెలీదు గదా సార్. అందుకే పోయి సూడల్ల," అన్నాడు. కాసేపు దూది ఏకి, మళ్ళీ తనే అన్నాడు: "ముందైతే వాడు దగ్గినా ఇనపడేది."

నేను బోధించే శాస్త్రం దీన్ని నష్టం పద్దులో రాస్తుంది.

మూడో దినం ఫాతిహా అయిన మర్నాడు పరామర్శకు పోయాను. పెద్ద కొడుకు అంగడి తెరిచి, విల్లు ముట్టుకోకుండా కూర్చున్నాడు. బేరం లేదు. ఇంతలో మౌలాలి ఒక కౌతాళం రైతును వెంటబెట్టుకొని, రొప్పుతూ వచ్చాడు.

"నీకు బోణీ అయిందా సిన్నాయనా?" అన్నాడు కొడుకు.

"ఇదే బోణీ," అన్నాడు మౌలాలి. తర్వాత రైతు వైపు తిరిగి, "ఈడ పరుపు ఏం బాగుండదప్పా. అయినా ఈడ్నే కుట్టించుకో," అన్నాడు.

ఇంతకు మించిన నివాళిని నేను సమకూర్చలేను. నా దగ్గర ఉన్నవన్నీ సమాసాలే. ఆదోనిలో రోడ్లు ఇంకా వెడల్పవుతాయి. బోణీ అయిందో లేదో చూడటానికి ఊరంతా నడిచి వచ్చే మనిషి మాత్రం మౌలాలికి ఇక లేడు.