లిఫ్టు దాకా

పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలకి మా అత్త మంచం కాళ్ళ దగ్గరున్న హ్యాండిల్ తిప్పి, నేను అప్పుడే ఎత్తి కూర్చోబెట్టిన మా పెద్దమావయ్యని మళ్ళీ పూర్తిగా పడుకోబెట్టేసింది. కింద ఆటోలోంచి చుట్టాలు దిగడం కిటికీలోంచి కనిపించిందట. ఆ రోజుల్లో అనకాపల్లిలో మనిషి ఆసుపత్రిలో చేరితే జబ్బు ఒక్కటే ఆయనది, మిగతాదంతా చూడ్డానికి వచ్చేవాళ్ళది. రొట్టె ప్యాకెట్టూ నాలుగు యాపిల్ పళ్ళూ పట్టుకుని వచ్చేవారు. మంచం చుట్టూ నిలబడి, అదే ఆపరేషన్ అయి బతకనివాళ్ళ సంగతొకటి చెప్పి, ధైర్యంగా ఉండమని వెళ్ళేవారు. రోగి చేయాల్సింది ఒక్కటే, వెల్లకిలా పడుకుని నీరసంగా కనిపించడం. మా అత్తకి ఈ మర్యాద బాగా తెలుసు.

మావయ్య చెరకుతోట గట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే అయింది. నేను ఫిజియోథెరపీ చదువు ముగించి ఆ ఆసుపత్రిలోనే కొత్తగా చేరాను. (మెడలో స్టెతస్కోపు వేసుకుని, అవసరం ఉన్నా లేకపోయినా, క్యాంటీనుకి కూడా వెళ్ళేదాన్ని. అయినా వార్డులో నా పేరు ‘ఎక్సర్‌సైజుల పిల్ల’.) ఆపరేషన్ అయిన మర్నాడే మనిషిని కూర్చోబెట్టాలి, వాకర్‌తో నిలబెట్టాలి, నాలుగడుగులు వేయించాలి. పడుకునే ఉంటే కఫం ఛాతీలో చేరుతుంది, పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, నడుము కింద పుండ్లు పడతాయి. మా చదువులో ఇంతకంటే తేలికైన పాఠం లేదు. ఇవన్నీ బొమ్మలేసి ఉన్న రంగుల పటం కూడా అత్తకి చూపించాను.

“సాల్లేవే! నిన్న ఆపరేషనయినోడ్ని ఇయ్యాల కూకోబెట్టేత్తావేటి? మీ మావ కూకుని కబుర్లాడితే వచ్చినోళ్ళు ఏటనుకుంతారు? ఇంత దూరం ఊరికే వచ్చేం అనుకోరా? నడవమని సెప్పడానికి అన్నేళ్ళు సదివించేడా మీ నాన్న?”

“ఆవిడతో నీకెందుకే, ఒగ్గేయ్,” అన్నాడు మావయ్య కళ్ళు మూసుకునే.

రౌండ్సుకి వచ్చిన పెద్ద డాక్టరు కేసు షీటుకేసి చూస్తూ, ఆ షీటుకే చెబుతున్నట్టు, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన బూట్లు కొత్తవని తప్ప అత్తకేం తెలియలేదు. ఊపిరి లోపలికి పీల్చి మూడు బంతుల్ని పైకి లేపే ప్లాస్టిక్ పరికరం ఒకటి నేను మావయ్య చేతికిచ్చాను. ఊదకూడదు, పీల్చాలి అని చెప్పి పక్క వార్డుకి వెళ్ళి వచ్చేసరికి చుట్టాలందరూ దాన్ని వరసగా ఊదుతున్నారు. అచ్యుతాపురంలో షిఫ్టు దిగి, కంపెనీ బస్సులోంచి నేరుగా వచ్చిన కుర్రాడొకడు పీల్చి మూడు బంతులూ లేపి అందరిచేతా శభాష్ అనిపించుకున్నాడు. మావయ్య వంతే రాలేదు. నేను దాన్ని పారేసి కొత్తది తెప్పించాను. అత్త దాన్ని చుట్టాలకి దొరక్కుండా, మావయ్యకీ దొరక్కుండా అలమరలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి మావయ్య దగ్గులో గరగర మొదలైంది. ఒళ్ళు కాలింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఈసారి తెలుగులోనే చెప్పాడు. కఫం చేరుతోంది, మనిషి లేవకపోతే రేపు విశాఖ ఐసీయూకి పంపాల్సి వస్తుందన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయినా మంచం ఎత్తనివ్వలేదు. రాంబిల్లి వియ్యంకుడు, అంటే మావయ్య కూతురి మావగారు, బయల్దేరాడని ఫోను వచ్చింది.

ఆయన వచ్చాడు. కుర్చీలో కూర్చుని, వాళ్ళ ఊళ్ళో ఇలాగే పడిన ఒకాయన సంగతి ఎత్తుకున్నాడు. “ఎన్ని మందులేసినా మరి లేవనేదు బావా.” (అత్త మెచ్చుకోలుగా తలూపింది.) కాసేపటికి లేచి, “మరి వత్తాను. నువ్వు నెగొద్దు బావా, తొంగో,” అన్నాడు.

మావయ్య చెయ్యి భుజాన వేసుకునే తువ్వాలు కోసం మంచం మీద తడుముతోంది. ఆయన జన్మలో ఎవర్నీ పడుకుని పంపించలేదు. కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినవాణ్ణి కూడా వీధి దాకా సాగనంపే మనిషి. ఇప్పుడు తన కూతుర్నిచ్చిన ఇంటాయన తలుపు దాటిపోతున్నాడు.

“వియ్యంకుణ్ణి తొంగునే పంపేత్తావేటి మావయ్యా?” అన్నాను, వాకర్ మంచం దగ్గరికి లాగుతూ.

మంచం హ్యాండిల్ మీద వేసిన చెయ్యి అత్త వెనక్కి తీసుకుంది. ఒక మర్యాద నిలబెడితే రెండోది పోతుంది. మావయ్య అప్పటికే మోచేతి మీద లేస్తున్నాడు. మంచం అంచున కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం తగ్గేదాకా ఆపి, నాడి చూసి నిలబెట్టాను. వాకర్ ముందు, ఆపరేషన్ కాలు తర్వాత, మంచి కాలు ఆఖర్న. నడవాలో సగం దూరం వెళ్ళేసరికి పెద్ద దగ్గు వచ్చి, రెండు రోజులుగా పేరుకున్నదంతా నేను పట్టుకున్న గిన్నెలో పడింది.

“ఆగిపో బావా, సాలు.”

“లిఫ్టు దాకా వత్తాను.”

లిఫ్టు దగ్గర వియ్యంకుడికి అనుమానం వచ్చింది. జబ్బుమనిషిని నడవాలో వదిలేసి పోతే రేపు కోడలి దగ్గర తలెత్తుకోగలడా? మావయ్యని మంచం దాకా దిగబెట్టాడు. దిగబెట్టిన మనిషిని ఊరికే పంపితే మావయ్యకి మర్యాదేం ఉంది? వియ్యంకుడు కాసేపు కూర్చుని మళ్ళీ లేస్తే, మావయ్యా మళ్ళీ వాకర్ అందుకున్నాడు. నేను రాసిపెట్టుకున్న నడక అంతా వాళ్ళిద్దరే పూర్తి చేసేశారు. చివరికి నేను వియ్యంకుణ్ణి లిఫ్టులోకి తోసి బటన్ నొక్కాను.

ఆ రాత్రికి జ్వరం దిగింది. విశాఖ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్కణ్ణుంచి నేను వ్యాయామం అన్న మాటే ఎత్తకుండా చుట్టాలకి కబుర్లు పంపించాను. ఒక్కొక్కరూ ఒక్కో విడత లిఫ్టు దాకా సాగనంపించుకుని వెళ్ళారు. ఎందుకూ పనికిరారనుకున్నవాళ్ళందరూ జీతం లేకుండా నా పని చేసిపెట్టారు. “నడిత్తే తగ్గుద్దని నాను ముందే సెప్పలేదేటి?” అని అత్త నర్సులతో అంటుంటే విన్నాను. రంగుల పటం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మావయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచాడు. ఈమధ్యే, ఆ కాలితో సంబంధం లేని జబ్బుతో పోయాడు. పరామర్శకి అందరూ వచ్చారు. రాంబిల్లి వియ్యంకుడూ కర్ర ఊతంతో వచ్చాడు. వెళ్ళడానికి లేచి, గుమ్మంలో చెప్పులు వేసుకుని, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి కాసేపు నిలబడ్డాడు. అత్త లోపల పడుకునే ఉంది. పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి, “సరే తాతా,” అన్నారు. ఆయన కాళ్ళు ఎలా పడుతున్నాయో, కర్ర ఏ చేత్తో పట్టుకున్నాడో, నేనూ ఉన్నచోటనే కూర్చుని చూశాను. స్టెతస్కోపు వేసుకుని క్యాంటీనుకి వెళ్ళిన ఆ పిల్లయితే లేచి ఉండేదేమో. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవర్నీ వీధి దాకా సాగనంపడం లేదు.