పుట్టలో వేళ్లు

మా ఇంట్లో ఎవరూ చూపుడువేలు వాడరు. దారి అడిగిన వాళ్లకు గడ్డం ఎత్తి చూపిస్తాం, చందమామను పిల్లలకు పిడికిలి మూసి చూపిస్తాం. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఇది గమనించి, మీ వాళ్లంతా వేళ్లు ఎవరికైనా అద్దెకిచ్చారా అని ఎగతాళి చేశాడు. జనగామలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే దాన్ని, మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచే దాన్ని. అయినా బోర్డు మీది బొమ్మను గుప్పిటతోనే చూపిస్తాను. చెయ్యి నా మాట వినదు.

దీనికంతటికీ మూలం మా అమ్మమ్మ. ఆమెను కన్నబిడ్డలతో సహా మేమంతా అవ్వ అనే పిలుస్తాం. ఆమెది కొత్తగూడ అడవి పక్క ఊరు. అక్కడ వానలు పడి ఉరుములు ఉరిమాక చెదపుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయి. తెల్లటి, మెత్తటి పుట్టగొడుగులు. వండితే మాంసం కూడా ఆ కూర ముందు దిగదుడుపే. వాటిని వేలు పెట్టి చూపితే ఆ పుట్ట మళ్లీ ఇవ్వదని అక్కడివాళ్ల నమ్మకం. అందుకని పిడికిలి మూసి చూపాలి, లేదంటే నోరు మూసుకుని కొంగులో ఏరుకోవాలి.

అమ్మకు ఒక చెల్లెలుండేది. బతికుంటే నాకు చిన్నమ్మ. బడికి పోయే ఈడు రాకముందే పోయింది. ఒక వానాకాలం పొద్దున ఆ పిల్ల తమ చెలక చేని గట్టున పుట్ట నిండా కొక్కులు చూసి, సంతోషం పట్టలేక వేలు చాపి, “అవ్వా, అగో!” అని అరిచింది. వెనక గంపతో వస్తున్న అవ్వ, “నీ ఏళ్లు నల్లవడ, ముయ్యే!” అని తిట్టింది. మా వైపు తల్లులకు తిట్లన్నీ ముద్దు కిందే జమ. చెయ్యి ఇరుగ అంటూనే అన్నం కలిపి పెడతారు. కానీ ఆ వారంలోనే పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మరుసటి వానలకు ఆ పుట్ట మీద కొక్కులు లేవలేదు. నల్లటి వేళ్లు లేచాయి. సన్నగా, కాస్త వంకరగా, కొసన గోళ్లలా తెల్లగా, ఐదు.

ఈ కథ నాకు చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెవిన పడేది. “పుట్టల ఏళ్లు లేచినయట” అని పెద్దవాళ్లు గొంతు తగ్గించి అనుకునేవారు. నేను చెట్టు వేళ్లనుకున్నాను. వేళ్లు నేలలోంచి కాకపోతే ఆకాశంలోంచి వస్తాయా, దానికి ఇంత గుసగుస ఎందుకని విసుగొచ్చేది. అవి చేతివేళ్లని అమ్మ ఒకరోజు జడ వేస్తూ చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం అవ్వ ఊరికి పోవాలంటే నాకు కడుపునొప్పి వచ్చేది.

చదువులో శిలీంధ్రాల వైపు ఎందుకు వచ్చావని పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగితే పంట తెగుళ్లు, రైతు మేలు అని ఏదో చెప్పాను. నిజానికి ఆ ఐదు వేళ్ల కోసమే వచ్చాను. జనగామ చెలకల్లో, మానుకోట మిరప చేల పక్కన, భూపాలపల్లి దాటి టేకుమట్ల పొలం గట్ల మీద, మహదేవపూర్ అడవి అంచుల్లో పుట్టలు తవ్వుతూ తిరిగాను. “లంకెబిందెల కోసమా మేడం?” అని రైతులు నవ్వేవారు. అడుగున ఉండేది లంకెబిందెలు కాదు, తోట. చెదలు నమిలిన పుల్లా ఆకూ కలిపి స్పంజి లాంటి ముద్ద కడతాయి. దాని మీద ఒక తెల్లటి శిలీంధ్రాన్ని సాగు చేసుకుని తింటాయి. వానల్లో పైకి లేచే కొక్కులు ఆ పంటవే.

బతికున్న పుట్టలోంచి తెచ్చిన ఒక ముద్దను, చెదలన్నీ దులిపేసి, తడిపి డబ్బాలో పెట్టి మూసెయ్యమన్నారు మా గైడ్. కొన్నాళ్లకు మూత తీశాను. లోపల నల్లటి వేళ్లు లేచి ఉన్నాయి. డబ్బా వదిలేశాను. పక్క బల్ల దగ్గరున్న స్నేహితురాలు పామనుకుని స్టూలెక్కింది. తర్వాత ఆ సంగతి తలుచుకుని అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తెరిచిన డబ్బాలో మా చిన్నమ్మ చెయ్యి ఉన్నట్టే అనిపించింది నాకు.

అది వేరే శిలీంధ్రం. దాని చుట్టాలు అడవిలో ఎండు కట్టెల మీద బతుకుతాయి. ఇది ఏ కాలంలోనో పుట్టలో దూరింది. చెదలు ఉన్నన్నాళ్లూ దాన్ని కలుపులా అణచిపెడతాయి, కంటికి కనబడదు. అయినా చావదు. తోటలోనే ఎక్కడో నూలుపోగులా నక్కి ఉంటుంది. చెదలు చచ్చిపోయాయా, తోటంతా దానిదే. గాజు పళ్లెంలో దీన్నీ చెదల పంటనూ ఎదురెదురుగా పెంచి చూశాను. ఇది మెల్లగా పాకి ఆ పంట మీదికెక్కి, దాన్నే తిని పెరిగింది. మొదట్లో రెండూ తెల్లగానే ఉంటాయి, ఏది తినేదో ఏది తినబడేదో చెప్పలేం.

జన్యువులు చదివాక ఇంకో సంగతి బయటపడింది. కట్టె మీద బతికే చుట్టాలకున్న జన్యువులు చాలావరకు దీనికి లేవు. కట్టెను కరిగించే సామానులో ఎంతో పారేసుకుంది. పోటీకొచ్చిన వాటి మీద చల్లే విషాలు కూడా తగ్గిపోయాయి. పుట్టలో వాటితో పని లేదు. తరాల తరబడి ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చి, చివరికి ఎదురుచూడటం బాగా నేర్చుకుంది.

ఆ జన్యు వరసలు చదువుతుంటే నాకు అవ్వే గుర్తొచ్చేది. ఆమె కూడా అంతే, ఒక్కొక్కటే వదిలేసింది. కొక్కుల కూర వదిలేసింది, ఆ చెలక వైపు నడక వదిలేసింది, బతుకమ్మ పాట వదిలేసింది, ఆఖరికి తిట్టడం వదిలేసింది. పల్లెత్తు మాట అనని దొడ్డ మనిషని ఊరంతా మెచ్చుకునేది. భయంతో బతుకుతున్న మనిషని మాకే తెలుసు. నా బిడ్డను ఒక్కసారైనా ముద్దుకు తిట్టలేదు. “నా నోరు మంచిది గాదు బిడ్డా” అని మొహం తిప్పుకునేది. నా బిడ్డ ఇప్పుడు చిన్నమ్మ పోయిన వయసు దాటింది. అవ్వకు చూపు మందగించింది, ఆయాసం ఎక్కువైంది. ఆమె పోయేలోపు ఆ తిట్టును ఆమె నెత్తి మీంచి దించాలని నా పంతం.

ఈ వానాకాలం సెలవులో బిడ్డనూ, వేళ్లు లేచిన ఒక డబ్బానూ పట్టుకుని కొత్తగూడ బస్సెక్కాను. అరుగు మీద కూర్చున్న అవ్వ చేతిని పట్టుకుని డబ్బాలోని వేళ్లను తాకించాను. పుల్లను తడిమినట్టు తడిమింది.

“ఏందిది?”

“నీ పుట్టల లేచినయి గిసొంటియే, అవ్వా. గిది బూజు. నేనే డబ్బల వెంచిన.”

అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఎవలను తిట్టినవే?” అంది.

ఎవరినీ తిట్టలేదని, తిట్టకపోయినా లేస్తుందని, చెదలు పోతేనే లేస్తుందని వీలైనంత నిమ్మళంగా చెప్పాను. చెప్తుండగానే అనుమానమొచ్చింది. ఆ పుట్టలో చెదలు ఎందుకు పోయినట్టు?

“అవ్వా, ఆ పుట్టను అప్పుడు ఎవలన్న పొడిచిండ్రా?”

“మీ తాత” అంది అవ్వ. “పిల్లను మట్టిల వెట్టి అచ్చినంక గడ్డపార వట్టుకోని పోయిండు. పుట్టంత పొడిచి పొడిచి, ఆ మన్నుల్నే కూసోని ఏడ్చిండు.”

ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ల మా కథలో తాత ఊసే లేదు. ఆ గడ్డపార పోట్లకే చెదలు పోయాయి, ఆయన ఏడుపే ఆ వేళ్లను పైకి తెచ్చింది.

“గందుకే లేచినయవ్వా. నీ తిట్టుకు గాదు.”

“తిట్టకముందు అవి అండ్ల లేకుండె గదా?”

“ఉండె. పిల్ల ఏలు సూపకముందు, నువ్వు నోరు తెర్వకముందు, ఎప్పటి సందో అండ్లనే ఉండె. మనకు కానరాలే, అంతే.”

అవ్వ నా వైపు తిరిగి, “మరి నా బిడ్డ ఒంట్ల గుడ గట్లనే ముందే ఉండెనా, ఆ జరం?” అని అడిగింది.

అది ఏ జ్వరమో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు, ఇక తెలిసే దారీ లేదు. ఆధారం లేని వాక్యం ఒక్కటి రాసినా మా గైడ్ అడ్డంగా కొట్టేసేవారు. “ఉండె, అవ్వా” అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు సవరించుకుని, “చెలకకు పోదాం నడువు” అంది.

నా బిడ్డ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని నడిపించాం. పాత పుట్ట వానలకు కరిగి పొట్టిదైపోయింది. దాని మీదే కొత్త చెదలు ఎప్పుడో ఇల్లు కట్టుకున్నట్టున్నాయి, ఒక వార కొన్ని కొక్కులు లేచి ఉన్నాయి. నా బిడ్డ పిడికిలి మూసి, “అగో!” అంది. అవ్వకు ఆనలేదు. కళ్లు చిట్లించి ముందుకు వంగి, కుడిచెయ్యి చాపి, చూపుడువేలితో, “గదేనా?” అని అడిగింది.

ఎండకు నల్లబడి, సన్నగా, కొద్దిగా వంకరగా, కొసన తెల్లటి గోరుతో ఉంది ఆ వేలు. నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని మడిచి, గుప్పిట్లో దాచేశాను.

అవ్వ ఒక్క గుంజు గుంజింది. “ఇడ్వు! నీ చెయ్యిరుగ, ఇడ్వవే!”

నా బిడ్డ పకపకా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. నేను పుట్టాక ఆమె నోట విన్న మొదటి తిట్టు అది, దానికోసమే ఇంత దూరం వచ్చాను. వేలు వదిలేసి, ఆ తిట్టు తగలకుండా నా చేతిని కొంగులో చుట్టుకున్నాను.