బంద్ చేయొద్దన్న ఆట

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. గద్వాలలో పన్నెండేళ్లుగా ఫోన్లు, చేతిలో పట్టే గేమ్ మెషీన్లు బాగుచేస్తున్నాను. ఏది చెడినా కారణం బోర్డులోనో ప్రోగ్రాంలోనో దొరికేది. ఈ ఒక్కదానికి దొరకలేదు.

రహీం అనే అతను తెచ్చిన గేమ్ మెషీన్ లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. ఛార్జర్‌కు పెట్టి, స్లీప్ మోడ్ నిద్రలోంచి వేరే మీటతో లేపితే శబ్దం వచ్చేది, తెర నల్లగానే ఉండేది. అది అతని తమ్ముడు యూసుఫ్‌ది. ఇటిక్యాల దగ్గర పత్తిచేలో, గట్టు తగాదాలో, యూసుఫ్‌ను పట్టపగలు కొడవళ్లతో నరికి చంపారు. మెషీన్ అప్పుడు జేబులోనే ఉంది. ఒక వేటుకు దాని పవర్ బటన్ ఎగిరిపోయింది. సందుల్లో నెత్తురు ఎండిపోయి ఉంది.

మొరాయించిన మెషీన్‌ను పది సెకన్లు బటన్ నొక్కి ఆపేయడం మా రిపేరు వాళ్ల చేతి అలవాటు. బటన్ లేదు కనుక ఆ చోట తీగలు కలపబోయాను. రహీం నా మణికట్టు విరిచినంత పని చేశాడు.

"బంద్ చెయ్యకన్నా! మా తమ్ముడు నడుమ ఆపిన ఆట గిందులనే ఉన్నది. బంద్ చేస్తే అది గూడ పోతది."

నిజమే, ఆ ఆట సేవ్ కాలేదు. ఛార్జర్ తీయకుండా, ల్యాప్‌టాప్ నుంచి కేబుల్‌తో లోపలికి వెళ్లి, తెరను పూర్తిగా ఆర్పే గాఢనిద్ర సెట్టింగును తేలిక నిద్రగా మార్చాను. నిమిషం తర్వాత లేచేలా అలారం పెట్టి పడుకోబెట్టాను. ఈసారి లేవగానే తెర వెలిగింది. బాక్సింగ్ ఆట. రహీం వెక్కివెక్కి ఏడ్చాడు.

కొత్త బటన్ తెప్పించేదాకా మెషీన్‌ను నా దగ్గరే ఉంచుకుని, మళ్లీ నిద్రపుచ్చి, అలారం తీసేసి, పొరపాటున ఆగిపోకుండా బటన్ తీగ కూడా కత్తిరించాను. మర్నాడు సాయంత్రం నాలుగూ ఇరవైకి అది తనంతట తానే లేచింది. జరిగిందల్లా మెషీన్ తనలో రాసుకునే లాగ్‌లో పవర్ బటన్ నొక్కినట్టు రాసి ఉంది. తెర మీద యూసుఫ్ తరఫు ఆటగాణ్ణి ఎదుటివాడు మొహం మీద, డొక్కల్లో గుద్దుతున్నాడు. ఆటగాడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టాడు. మీట నొక్కనిదే ఆ ఆటలో చేతులు లేవవు. పడిపోగానే మెషీన్ నిద్రపోయింది. మరుసటి రోజూ అదే వేళకు, మొదటి గుద్దు నుంచే.

మూడో రోజు రహీంను పిలిచాను. ఆ చేతులు లేవడం చూసి అతను నెత్తురొచ్చేలా నుదురు బల్లకు బాదుకున్నాడు.

"గట్లనే పెట్టిండన్నా చేతులు... రెండూ లోపటి బొక్కల దాక తెగినయి. వాన్ని నరికింది గూడ అదే యాళ్ల. బంద్ చెయ్యన్నా, జర బంద్ చెయ్యి! దినాం నరుకుతుండ్రు వాన్ని."

ఛార్జర్ లాగేసి బ్యాటరీ పీకాను. చేతులు అడ్డం పెట్టుకున్న మనిషి అలాగే ఆరిపోయాడు.

లాగ్ నకలు నా దగ్గరుంది. తెగిన బటన్‌ను మూడు రోజులు ఎవరు నొక్కారో తెలియదు. ఆ సాయంత్రం నా చేత్తో నేను ఆపింది ఏమిటో కూడా తెలియదు.