దమయంతి, పెరంబూరు అని రాసిన చొక్కా

మా దమయంతి మొట్టమొదట గెలిచింది ఒక కాలరును. నవ్వకండి. ఉతికినా ఉబ్బని కాలరు, ఇస్త్రీపెట్టె కింద బుడగలు లేవని కాలరు కుట్టడానికి ఆమెకు ఏడాదికి పైనే పట్టింది. కాలరు లోపల అతికించే గట్టి గుడ్డ కోసం జార్జి టౌన్‌లో తిరగని సందు లేదు. తెచ్చినదాన్ని అతికిస్తుంది, ఉతుకుతుంది, మిద్దె మీద ఆరేస్తుంది, అది అప్పడం మాదిరి పొంగుతుంది. మళ్ళీ పోతుంది, మళ్ళీ తెస్తుంది. ఆఖరికి ఒకనాడు మా ఇంటికొచ్చి ఒక చొక్కా నా చేతిలో పెట్టి, "పెదనాయనా, దీన్ని నీ ఇష్టమొచ్చినట్టు ఉతుకు. బండకేసి బాదు" అనింది. ఆ చొక్కా ఇప్పటికీ నా దగ్గరుంది. గుడ్డ పలచబడింది గానీ కాలరు మాత్రం కవాతులో సిపాయి మాదిరి నిలబడే ఉంది.

దమయంతి నా తమ్ముడి కూతురు. మన సంఘం పత్రికలో డాక్టర్లను గురించీ ఆడిటర్లను గురించీ ఏటా రాస్తూనే ఉన్నారు, మంచిదే. ఈసారి చొక్కాలు కుట్టే మనిషిని గురించి నేను రాస్తాను. నేను ఊరి బడిలో ఎనిమిది దాకా తెలుగు చదివినవాణ్ణి. మంజపై అంటాం చూడండి, ఆ పసుపు గుడ్డ సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకొని ఈ పట్నం వచ్చినాను. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, పైమెట్టు దాకా ఎక్కి రిటైరైనాను. నా చేయి పడిన రైలుపెట్టెలు జమ్ము దాకా పోయుండాయి. వాటిమీద నా పేరు లేదు, ఫ్యాక్టరీ పేరుంది. జీతం తీసుకున్నాను గనక అది న్యాయమే. దమయంతి సంగతి వేరు. ఆమె తన పని మీద తన పేరు రాసుకోవాలనుకుంది. ఊరంతా ఒప్పుకున్న ఆ పేరును సొంత ఇంట్లో ఒప్పించడానికి ఆమె పడిన పాటే ఈ కథ.

అంబత్తూరులో ఒక ఎగుమతి కంపెనీలో ఆమె చాలా ఏండ్లు కాలర్లు కుట్టింది. ఈమె కాలరు, ఇంకొకామె చేతులు, మరొకామె గుండీలు. అన్నీ అయినాక పరదేశం పేరు ఒకటి మెడ దగ్గర తగిలించి ఓడ ఎక్కిస్తారు. ఒకసారి పండగకు టి. నగర్ పోయినప్పుడు అద్దాల షోరూంలో అదే రకం చొక్కా కనబడింది. దగ్గరికి పోయి కాలరు పట్టుకొని చూసింది. అమ్మే పిల్లోడు "పాత్తు తొడుంగక్కా" అన్నాడంట, చూసి ముట్టుకో అక్కా అని. మర్యాదగానే అన్నాడు. ఈమెకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు. "నేను కుట్టేటప్పుడు చూసి ముట్టుకోమని ఒకరూ చెప్పలేదే పెదనాయనా" అనింది. ఆ ఏడే పని మానేసి, ఒక పాత మిషను కొని, ఇంటి ముందు గదిలో కూర్చునింది. కాలరుతో కుస్తీ అప్పుడే మొదలైంది.

కాలరు గెలిచినాక లేబులు మీద ఏం రాయాలనే మాట వచ్చింది. తెలిసినవాళ్ళంతా ఇటలీ పేరో లండను పేరో పెట్టమన్నారు. పెరంబూరంటే జనానికి రైలు షెడ్డూ నూనె మరకలూ గుర్తొస్తాయి, ఎవరు కొంటారు అన్నారు. ఆమె వినింది, తల ఊపింది, "దమయంతి, పెరంబూరు" అని వేయించింది. ఈ రోజు బడి అయ్యవార్లు ఆమె చొక్కాలు వేస్తారు, బ్యాంకివాళ్ళు వేస్తారు. హైకోర్టులో నల్లకోట్ల కింద కనబడే తెల్లచొక్కాలు ఎన్నో ఆమెవే. వకీళ్ళు కోటు తీయరు, పేరు చెప్పరు, అంతే. ముందు గది చాలక పక్కింటి మేడ అద్దెకు తీసుకునింది. మన వీధి ఆడవాళ్ళు అక్కడ మిషన్లు తొక్కుతున్నారు.

పోయిన కార్తీకంలో నా చిన్న కూతురు శ్రీప్రియకు సంబంధం కుదిరింది. పిల్లవాడు కిరణ్‌కుమార్, ఐటీ ఉద్యోగం. వాళ్ళది గుంటూరు వైపు, వేళచ్చేరిలో సొంత ఫ్లాటు. నిశ్చితార్థానికి అల్లుడికి పెట్టే చొక్కా దమయంతిదే కావాలని నేను పట్టుబట్టినాను. కొలత అడిగితే ఫోనులో "నలభై" అన్నారు. దమయంతి ముందు ఎప్పుడూ అట్లా చేయలేదు, మనిషిని నిలబెట్టి కొలిచేది. కొత్త చుట్టాలను ఇబ్బంది పెట్టడమెందుకని ఆ అంకెకే కుట్టింది.

మనవాళ్ళలో ఒక అలవాటుంది. తట్టలో బట్టలు పెట్టేటప్పుడు కింద కొట్టు కవరు పరుస్తాం, పేరు బయటికి కనబడేటట్టు. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ముందు కవరు చదువుతారు, తరవాత బట్ట చూస్తారు. అందుకే మన ఇండ్లల్లో పరుపుల కింద పెద్ద కొట్ల కవర్లు మడత నలగకుండా పడుకొని ఉంటాయి. నేను పురోహితుణ్ణి పిలుచుకొని వచ్చేదానికి పోయుంటే, నా భార్య మంగళ పరుపెత్తి ఒక టి. నగర్ షోరూం కవరు తీసింది. బ్లేడుతో చొక్కా లేబులు విప్పేసింది. చొక్కాను కవరు మీద పెట్టి తట్టలో సర్దేసింది.

సీతాదేవిగారు, అంటే పిల్లవాడి తల్లి, ఆ చొక్కాను నలుగురిలో ఎత్తి పట్టుకున్నారు. "షోరూం కుట్టు చూడగానే తెలిసిపోద్దండీ. ఈ కాలరు చూడండి, బయట ఎవడికి చేతనవుద్ది?" అన్నారు. దమయంతి పక్కనే వక్కాకు తట్ట పట్టుకొని నిలబడుండింది. కవరు చూసింది, మెడ దగ్గర దారపు గుర్తులు చూసింది. శ్రీప్రియ ముఖం చూసి, అందరికీ ఆకూ వక్కా పంచింది.

వారం తిరక్కముందే సీతాదేవిగారి దగ్గరినుంచి ఫోను. చొక్కా భుజాల దగ్గర బిగుతయింది. సైజు మార్చుకుందామని కవరుతో సహా షోరూంకు పోయినారు. వాళ్ళు తిప్పి చూసి, ఇది మాది కాదు మేడమ్ అన్నారు. "అంతమందిలో నన్ను దొంగసరుకు తెచ్చినదాన్ని చూసినట్టు చూశారు వదినగారూ. ఉన్న మాట ముందే చెబితే సరిపోయేదిగా?" మంగళ ఫోను పెట్టేసి, జరిగిందంతా నాకు చెప్పింది.

కబురు తెలిసి దమయంతి వచ్చింది. మంగళ తల ఎత్తలేదు. "నీ మేలు కోరే చేసినానే. వాళ్ళు చిన్నచూపు చూస్తారేమోనని" అనింది.

"వాళ్ళ కంటే ముందు నువ్వే చూసేస్తివి కదా పెద్దమ్మా" అనింది దమయంతి. గొంతు పెంచలేదు. "చొక్కా బిగుతయింది నా తప్పు. పేరు తీసేసింది నీ తప్పు. నాది నేను దిద్దుకుంటా. నీది నువ్వు చూసుకో." కొలత టేపు సంచిలో వేసుకునింది. "పెదనాయనా, వస్తావా?"

వేళచ్చేరి పోయినాం. శ్రీనివాసరావుగారు, పిల్లవాడి తండ్రి, తలుపు తీసి, "రండి బావగారూ. మీ చెల్లెలు రెండు రోజుల నుంచి ఆ షోరూంతో యుద్ధంలో ఉంది. చల్లారలేదు, జాగ్రత్త" అన్నారు. సీతాదేవిగారు కాఫీ ఇచ్చినారు గానీ కూర్చోలేదు.

దమయంతి లేచి నిలబడింది. "చొక్కా కుట్టింది నేనండీ. కొలవకుండా కుట్టినాను, అది తప్పే. ఇంకొక మాట. ఆ రోజు మీరు కాలరు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కవరుకు పోయింది. అది నాది. నాకు కావాల."

సీతాదేవిగారు కుర్చీ లాక్కొని కూర్చున్నారు. "మెప్పు కూడా తిరిగి అడుగుతారా ఎవరైనా?"

"మీరు షోరూంలో చొక్కా తిరిగి ఇవ్వబోలేదా?"

శ్రీనివాసరావుగారు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయినారు. సీతాదేవిగారు ఆ చొక్కా తెచ్చి, వెలుతురులో కాలరు తిప్పి తిప్పి చూసి, "కాలరు బాగానే ఉందమ్మా. బాగుంది కాబట్టేగా నేను షోరూందనుకున్నాను" అన్నారు, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. కిరణ్‌ను పిలిచినారు. దమయంతి అతన్ని నిలబెట్టి భుజమూ ఛాతీ మణికట్టూ కొలిచింది.

"రిసెప్షనుకు ఇంకొకటి కుట్టి తెస్తాను. నా పేరుంటుంది, నా సంచిలో ఉంటుంది. సరిగ్గా కూర్చోకపోతే తట్టలో పెట్టొద్దు."

"సంచి మీద పెరంబూరని ఉంటుందా? మా వాళ్ళు చదువుతారే."

"చదవాలనే గదండీ రాసేది."

కొత్త చొక్కా పూర్తయినాక కిరణే రైలెక్కి పెరంబూరు వచ్చి వేసి చూసుకున్నాడు. విప్పడానికి మనసు రాక, దాంతోనే ఇంటికి పోయినాడు. ఆ సాయంత్రం సీతాదేవిగారు మంగళకు ఫోను చేసినారు. "వదినగారూ, పెళ్ళిలో మావాడి తట్టలో దమయంతి సంచే పెట్టండి. తోడిపెళ్ళికొడుకులకూ ఆమే కుట్టాలి. పేరు మాత్రం పైకి పెట్టండి. దాచారంటే మళ్ళీ ఇంకేదో దాస్తున్నారనుకుంటారు మావాళ్ళు."

దమయంతి సంచులు అచ్చు వేయించింది. పసుపు గుడ్డ సంచులే. మంగళ చూసి, "మంజపైనా? పల్లెటూరోళ్ళ మాదిరి?" అనింది. తరవాత ఏమనుకుందో, ఒకటి తీసి తానే ఇస్త్రీ చేసింది. పరుపు కింద కవర్లన్నీ పాతసామాన్లవాడికి వేసేసింది. తాను విప్పేసి దాచిన దమయంతి లేబులును మాత్రం సూదీ దారం తీసుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని, మేము వేళచ్చేరి నుంచి వెనక్కి తెచ్చిన నిశ్చితార్థపు చొక్కాకు మళ్ళీ కుట్టింది. భుజాలు బిగుతైన ఆ చొక్కా ఇప్పుడు సన్నగా ఉండే మా పెద్ద మనవడిది.

పెళ్ళిచొక్కాలకు గుడ్డ తానే చూసి తేవాలని దమయంతి ఈరోడు పోయుంది. పెరంబూరు స్టేషనుకు నేనే పోతాను, మూటలు దించేదానికి. ఫిబ్రవరి పదకొండో తేదీ, బుధవారం పొద్దున రైలుకు వస్తుంది.