మా అక్క కుట్టిన కోటు

మా అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటాం, కోట్లు కుట్టే ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కూర్చుంటాం. ఆమె కోట్లకి ఎడమ చెయ్యి కుడుతుంది, నేను కుడి చెయ్యి కుడతాను. అక్కడ మా అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆమెను ఎడమచెయ్యి అంటారు, నన్ను కుడిచెయ్యి అంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పని ఇప్పించింది ఆమే కాబట్టి, ఈ పేరు తగిలించినందుకు ఎవరితో పోట్లాడాలో నాకు తెలియలేదు.

కోటు చెయ్యి చొక్కా చెయ్యిలాంటిది కాదు. రెండు ముక్కలుగా కత్తిరించి, మోచేయి దగ్గర కాస్త ముందుకు వంగేలా కుడతారు. అందుకే ఎడమది ఎడమే, కుడిది కుడే, ఒకదాని చోట ఒకటి పనికిరాదు. మా ఫ్యాక్టరీలో ఒక మనిషి ఒక కోటు కుట్టడమన్నది లేదు. కాలరామె కాలర్లే కుడుతుంది, జేబులామె జేబులే. కత్తిరింపు గది నుంచి ముక్కలు కట్టలుగా వస్తాయి. ఎడమవి అక్క బుట్టలో పడతాయి, కుడివి నా బుట్టలో. అక్క పెళ్లి కాకముందు నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్క కుడి చెయ్యి కూడా ఆమె సూది కిందికి వెళ్లలేదు.

నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారు ఉన్నంతకాలం ఆవిడ ఎన్నన్నా పడింది, ఇప్పుడు బావగారు ఎన్నన్నా పడుతుంది. కానీ బజారులో ఎవరైనా మా ఫ్యాక్టరీ కోటు వేసుకుని కనబడితే చాలు, నా చెయ్యి గిల్లేది. “చూడు చెల్లీ, ఆ ఎడమ చెయ్యి నాదే. భుజం దగ్గర ఎంత నున్నగా దిగిందో చూడు.”

“సరే, మిగతా మనిషి ఎవరిదో కనుక్కుని రా, పోనీ” అనేదాన్ని. నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వలేదు. “ఒక్క కోటైనా ఇదంతా నాదే అని చెప్పుకోవాలని ఉంటుందే” అంది. నేను ఏదో సర్దిచెప్పి కూరగాయల దగ్గరికి లాక్కుపోయాను.

ఫ్యాక్టరీ మేడ మీద శాంపిల్ గది అని ఒకటుంది. కొత్త రకం కోటు ఏదైనా ముందు అక్కడ ఒక్క మనిషే మొదటి నుంచి చివరిదాకా కుడతాడు. ఆ గదికి కిటికీ ఉంది, బల్ల ఉంది, తలుపు ఉంది. కింద మాకు ఉన్నవి ఫ్యాన్లూ, సూపర్‌వైజరూ. అక్కడి మాస్టారు చూపు మందగించి పని మానేస్తున్నాడని తెలిసిన రోజే అక్క కళ్లు మేడమెట్ల మీద పడ్డాయి. నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే మా యజమాని ఏదో పెద్ద హోటల్లో మనుషుల్ని నడిపించడం ఎలాగో క్లాసులు విని వచ్చాడు. అప్పటి నుంచి మేం జీతం మాట ఎత్తితే ఆయన కథ ఎత్తుకునేవాడు. ఒకరోజు మిషన్లన్నీ ఆపించి మమ్మల్ని నిలబెట్టి గాడిద కథ చెప్పాడు.

ఒక ఇటుకబట్టీలో గాడిదల వరుస ఉండేదట. ఒకదాని తోక వెనక ఒకటి, తల దించుకుని ఇటుకలు మోసేవట. దారి పక్కన ఒక కొండ. అందులో ఒక గాడిద రోజూ ఆ కొండవైపు చూసి, “దాని అవతల ఏముంది?” అని అడిగేది. “కొండకి అవతల కొండ వీపు ఉంటుంది, నోరు మూసుకుని నడువు” అనేవి మిగతావి. ఒకరోజు అది వరుస తప్పి కొండెక్కింది. కాళ్లు చెక్కుకుపోయాయి, వెనక నుంచి అందరూ నవ్వారు. అవతల చూస్తే ఏరు, ఏటి ఒడ్డున పచ్చగడ్డి, వీపు మీద బరువు మోపేవాడు ఒక్కడూ లేడు. “ఎవరి కొండ వాళ్లు వెతుక్కోవాలి” అని చెప్పి ఆగాడు, మేం చప్పట్లు కొడతామని.

“గాడిదలన్నది మనల్నేనా?” అంది కాలరామె నా చెవిలో.

“మనల్ని కాక ఇంకెవర్నే? అది సరే, దాని వీపు మీది ఇటుకలు ఎవరి వీపు మీదికి పోయాయో చెప్పలేదేం?” అన్నాను.

అక్కకి ఇదేం వినబడలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ తర్వాత యజమాని అన్న మాటతో ఆ నీళ్లు కాస్తా జారాయి. “మాస్టారి కుర్చీ ఖాళీ అవుతోంది. లైన్లో ఎవరైనా సరే, సొంతంగా ఒక కోటు కుట్టి నాకు చూపించండి. నెలాఖరు దాకా టైము. నచ్చితే ఆ గది మీది.”

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క ఆ కథంతా బావగారికి చెప్పింది. బావగారు వ్యాను నడుపుతారు, రోడ్డు మీద అందరితో తగువులాడి ఇంటికి వస్తారు. మొత్తం విని, “గాడిద ఒంటరిగా కొండెక్కితే నక్కలు తింటాయి. ఆ ముక్క చెప్పలేదా మీ సారు?” అన్నారు.

“కథలో మిగతా గాడిదలూ ఇలాగే అన్నాయండీ” అంది అక్క, పాపం, మామూలుగానే.

“అంటే నేను గాడిదననా?”

మా ఆయనకి పొలమారింది. అక్క మాత్రం ఆ రోజు క్షమించమనలేదు. ఆమె ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి, నాకు లోలోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

ముదురు నీలం గుడ్డ తెచ్చుకుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే కాలరామె దగ్గర కూర్చుని కాలరు నేర్చుకునేది. మర్నాడు జేబులామె, ఆ తర్వాత కాజాలామె. ఆడవాళ్లకి ఒకరంటే ఒకరికి పడదంటారు గానీ, అదంతా పనీపాటా లేనివాళ్లు పుట్టించిన మాట. ఎవ్వరూ దాచుకోలేదు. కాలరామె తన డబ్బాలో అన్నం చల్లారిపోతున్నా కాలరు కొస ఎలా తిప్పాలో పదేపదే చూపించింది. అక్క కొండెక్కితే మాకు అక్కడి నుంచి చెయ్యి ఊపుతుందన్న ఆశ అందరికీ ఉంది. ఇంట్లో మిషను చప్పుడుకి చెవులు చిల్లులు పడుతున్నాయని బావగారు విసుక్కుంటే, దాన్ని వంటగదిలోకి జరుపుకుంది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన లైనింగు వేసేది.

చేతుల గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. ఎందుకడుగుతుంది? చేపపిల్లకి ఎవరైనా ఈత నేర్పుతారా?

కుట్టడం అయ్యాక, “ఏమండీ, ఒక్కసారి తొడుక్కుని చూపించండి. మీది సరిగ్గా సారు కొలతే” అని బావగారిని బతిమాలింది.

“ఎవడికో చూపించే కోటు నేను తొడుక్కుని నిలబడాలా? నేను నీకు దిష్టిబొమ్మలా కనబడుతున్నానా?” అని చెప్పులేసుకుని బయటికి పోయారు. మా ఆయన సన్నగా ఉంటారు, ఆయనకి వేసినా గోడమేకుకి వేసినా ఒకటే. అందుకని కోటు మేకుకే వేలాడింది. నాక్కూడా చూపించింది. కాలరు చూశాం, జేబులు చూశాం, కాజాలు వేలితో తడిమి చూశాం. చేతుల వైపు చూడాలని ఇద్దరికీ తోచలేదు. పొద్దస్తమానం చూసేవి అవే కదా అనుకున్నాం.

నెలాఖరున కోటు తెచ్చింది మా అక్క ఒక్కతే. మిగతావాళ్లం కథని కథలాగే విన్నాం. యజమాని కిందికి వచ్చాడు. కోటు ఎత్తి పట్టుకుని, “భేష్! నేనే తొడుక్కుంటాను” అన్నాడు. ఆయనకి నలుగురి ముందు ఇలాంటివి చేయడం సరదా. ఎడమ చెయ్యి దూర్చాడు, పట్టులా జారింది. కుడి చెయ్యి దూర్చాడు. కోటు చెయ్యి ఆయన చేతిని మెలిపెట్టి వెనక్కి లాగింది. ముందుకు చాపబోతే మోచేయి దగ్గర గుడ్డ అడ్డం తిరిగింది. వీపు వెనక ఏదో దాచుకున్నవాడిలా నిలబడిపోయాడు.

రెండూ ఎడమవే. చెయ్యి కత్తిరించేటప్పుడు కాగితం నమూనాని ఒకసారి ఒకవైపు పెట్టి, రెండోసారి బోర్లా తిప్పి పెట్టాలి. అక్క తిప్పలేదు. తిప్పాలని తెలిసే వీలు ఆమెకి ఈ జన్మలో ఎవరిచ్చారు? ఇంకెవరైనా అయితే తప్పు చెయ్యి అతికించేటప్పుడు గుడ్డ ముడతలు పడేది, అప్పుడైనా అనుమానం వచ్చేది. మా అక్క పనితనానికి ఆ తప్పు చెయ్యి కూడా మారు మాట్లాడకుండా, ముడత లేకుండా కూర్చుంది. వచ్చిన పనే ఆమెను ముంచింది.

ముందు సూపర్‌వైజరు నవ్వాడు. తర్వాత యజమాని. ఆ తర్వాత, ఏం దాచను, లైనంతా నవ్వింది. కాలరామె నవ్వలేదు, నేను నవ్వలేదు. యజమాని కళ్లు తుడుచుకుంటూ, “అమ్మా, నీ చోట నువ్వు రాణివి. ఎవరి చోట వాళ్లు ఉంటేనే అందం” అన్నాడు. కొండ ఏమైంది, గాడిద ఏమైందని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. నాకూ నెల జీతం కావాలి, మింగేశాను. అక్క కోటు కోసం చెయ్యి చాపింది. “ఇది నా దగ్గరుండనీ” అని ఆయన పట్టుకుపోయాడు.

శాంపిల్ గదిలో అప్పటికే యజమాని బామ్మర్ది కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి ఆ సాయంత్రం మాకు తెలిసింది. కొత్త మిషను, కొత్త బల్ల, అన్నీ ముందే అమిరాయట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి వస్తూ, “నువ్వు బంగారపు కోటు కుట్టి తెచ్చినా ఆ గది నీకు ఇచ్చేవాళ్లు కాదక్కా” అన్నాను.

“ఇవ్వకపోతే పోయె. కోటు బాగా వచ్చుంటే చాలు కదే” అంది.

నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

తర్వాతి వారం ఆమె సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది. కొన్నాళ్లు నా కుర్చీలో తను, తన కుర్చీలో నేను కూర్చుంటామని అడిగింది. కుడి చెయ్యి నేర్చుకోవడానికి. “ఎడమకి అలవాటు పడ్డ చెయ్యమ్మా నీది. నువ్వు నేర్చుకునేదాకా లైను ఆగాలా?” అన్నాడు. ఇంట్లో నేర్పుతాను రమ్మన్నాను. కానీ ఆమె ఇంట్లో మిషను మీద కూర్చుంటే చాలు బావగారు, “ఇవాళ ఎన్ని ఎడమ చేతులు?” అని అడిగేవారు. కొన్నాళ్లకి ఆమె దానికి బట్ట కప్పేసింది.

యజమాని ఇప్పుడు గాడిద కథ చెప్పడు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా ఆ నీలం కోటు తెప్పించి తనే తొడుక్కుని, కుడి చెయ్యి వెనక్కి మెలితిరిగినట్టు నాలుగడుగులు నడిచి చూపిస్తాడు. ఒకావిడ ఉండేదట, తన పని వదిలేసి ఊళ్లో పనులన్నీ తనే చేద్దామనుకుందట. అందరూ పడీపడీ నవ్వుతారు. “చూశారా, ఎవరి ముక్క వాళ్లు కుడితేనే కోటు కోటవుతుంది” అంటాడు. అందరూ తలూపుతారు. ఆ కథ ఆయన చెబుతుంటే మా అక్క మా మధ్యనే నిలబడి వింటుంది. ఆమె మీదే ఆ కథ అని కొత్తవాళ్లకి మేం చెప్పం. చెప్పొద్దని ఆమె ఎప్పుడూ అనలేదు గానీ, మాకు నోరు రాదు.

మొన్న చేరిన ఒకావిడ ఇలాగే నవ్వీ నవ్వీ వచ్చి మా ఎదుటి మిషను మీద కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లి, గలగల మాట్లాడే మనిషి. అక్కవైపు వంగి, “నిజంగా అలాంటి మనిషి ఉందా అక్కా? రెండూ ఎడమవే కుట్టిందా?” అని అడిగింది.

“ఉంది” అంది అక్క, దారం ఎక్కిస్తూ. “కాలరు కుట్టింది, జేబులు కుట్టింది, కాజాలు తీసింది. లైనింగు ముడత లేకుండా వేసింది. నిన్నెందులో వేశారు?”

“జేబు మూతలు.”

“ఏ పక్కవి?”

“కుడి పక్కవి.”

అక్క దారం వదిలేసి ఆమె మొహంలోకి చూసింది. “ఎడమ పక్కవి కూడా అప్పుడప్పుడూ చూస్తూ ఉండు తల్లీ” అంది.